గేటు బయటి హాజరు

తెనాలి దగ్గర నేను ఫిట్టరుగా పనిచేసే నూలు మిల్లులో ఆ ఏడు లే-ఆఫ్ ప్రకటించారు. పని ఉండదు, సగం జీతం వస్తుంది. కాకపోతే రోజూ పొద్దున్నే షిఫ్టు వేళకి గేటు దగ్గరకి వెళ్ళి హాజరు వేయించుకోవాలి. వెళ్ళకపోతే బయట ఎక్కడో పని చూసుకున్నాడని పేరు కొట్టేస్తారు.

మిల్లు నడిచే రోజుల్లో ఒంట్లో నలతగా ఉంటే సెలవు పెట్టేవాణ్ణి. మిల్లు ఆగాక జ్వరంతో కూడా మా ఊరు రేపల్లెలో పాసింజరు ఎక్కాను. టైమ్‌కీపరు గేటు లోపల నిలబడి పేరు పిలిచేవాడు. నేను గేటు బయట నిలబడి "ఉన్నానండీ" అనేవాణ్ణి. అంతే, మళ్ళీ రైలు. మా ఆవిడ అలవాటు కొద్దీ క్యారేజీ కట్టి ఇచ్చేది. దాన్ని తెనాలి దాకా తిప్పి తెచ్చుకుని మా ఇంట్లోనే తినేవాణ్ణి.

ఒకసారి బాపట్ల నుంచి మా బావమరిది వచ్చి రాత్రి మా ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే చొక్కా వేసుకుంటుంటే అడ్డం వచ్చాడు.

"బావా, మా ఊళ్ళో రైసుమిల్లుకి ఫిట్టరు కావాలంట. ఇవాళ వచ్చి ఓసారి కనపడు, చాలు."

"ఇవాళ ఎట్టా కుదురుద్దిరా? మిల్లుకెళ్ళాలి."

"మిల్లు తెరిచారా?"

"లేదు."

"మరి అక్కడ నీకు పనేంటి?"

నాకు ఒళ్ళు మండింది.

"పనుంటే ఒక రోజు సెలవు పెట్టి నీతో వచ్చేవాణ్ణి కదరా!" అని అరిచి, క్యారేజీ అందుకుని స్టేషనుకి పరుగెత్తాను.