కట్ట మీద తీసిన ఫొటో

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఉదయగిరిలో పంతులుగా పనిచేస్తున్న ఇన్నేళ్లలో, కోట మీద రాత్రిళ్లు ఏవో కదులుతాయని పిల్లలు చెబితే, ఎలుగుబంట్లు అయి ఉంటాయని చెప్పి పాఠంలోకి వెళ్లేవాణ్ని. ఇప్పటికీ అదే చెబుతాను. ఇక్కడ రాస్తున్నది నమ్మమని ఎవరినీ అడగను.

మా అన్న పోయి ఎనిమిది నెలలైంది. ఆయన గురించి ఒక మంచి మాట చుట్టుపక్కల తిరుగుతోంది. అది నిజమో కాదో చెప్పవలసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను. అందుకే రాస్తున్నాను.

అన్న పేరు రమణయ్య. ఆత్మకూరు బజారులో ఫొటోలు తీసేవాడు. కొయ్య కెమెరా, మూడుకాళ్ల స్టాండు, నెత్తిన కప్పుకునే నల్లగుడ్డ. కెమెరా వెనక గరుకు అద్దం మీద బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. అందులో చూసి సరిచేసుకున్నాక, బొమ్మ పడే గాజు ప్లేటు పెట్టి, గుడ్డలోంచి బయటికి వచ్చి, కెమెరా కన్ను తెరిచే రబ్బరు బుడ్డి నొక్కి మనసులో లెక్కపెట్టేవాడు. మబ్బు రోజైతే రెండు మూడు సెకన్లు పట్టేది. అంతసేపూ ఎదుటి మనిషి కదలకూడదు. కదిలితే ప్లేటు దండగ.

అందుకని ఆయన నోట్లో ఎప్పుడూ ఒకటే మాట, “కదలొద్దు”. పెళ్లికొడుకులకూ, మునసబులకూ, చంటిపిల్లలకూ అదే. ఒకసారి వదిన మజ్జిగ పోస్తుంటే కూడా అలాగే అన్నాడని ఇంట్లో చాలాకాలం నవ్వుకున్నాం.

స్వాతంత్య్రం వచ్చిన రెండేళ్లకో మూడేళ్లకో, కార్తీకంలో తుపాను వాన పట్టింది. మర్రిపాడు దారిలో ఒక పల్లె ఉంది. పేరు రాయను. ఆ ఊరి చెరువుకట్ట ఒకచోట కోసుకుపోయింది. మరమ్మతు కోసం పెట్టే అర్జీతోపాటు ఫొటో కూడా పంపాలని ఊరి పెద్ద అన్నకు కబురు చేశాడు. నేను సెలవు పెట్టి ఆత్మకూరు వచ్చి ఉన్నాను. తోడు వెళ్లాను.

మధ్యాహ్నం మూడు గంటలై ఉంటుంది. తుంపర పడుతోంది. అన్న కట్ట మీద కెమెరా నిలబెట్టాడు. అది తడవకుండా నేను పక్కన గొడుగు పట్టాను. మాకు ఇరవై అడుగుల దూరంలో గండి. ఊరి పెద్దా, మిగిలినవాళ్లూ మాకు చాలా వెనక, కట్ట దిగువన చింతచెట్టు కింద ఉన్నారు; అక్కడి నుంచి మేము కనబడం. కెమెరా దగ్గర ఉన్నది మేమిద్దరమే.

ఒట్టి గండి తీస్తే ఎంత లోతో తెలియదని, తూము చూసుకునే చెంగయ్యను పార పట్టుకుని అంచున నిలబడమన్నాడు అన్న. చెంగయ్యకు నలభై ఏళ్లుంటాయి. అంతకుముందు ఎప్పుడూ ఫొటో దిగలేదు. తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

“నవ్వేదా, వద్దా సామీ?”

“నీ ఇష్టం. కదలొద్దు, అంతే.”

అన్న గుడ్డలో తల పెట్టి చూశాడు, ప్లేటు పెట్టాడు, బయటికి వచ్చాడు. అప్పుడు చెంగయ్య మెడ తిప్పకుండానే అన్నాడు.

“అయ్యా, కాళ్లకింద మన్ను జారతా ఉండాది.”

“ఒక్క నిమిషం. కదలొద్దు.”

చెంగయ్య కదల్లేదు. అన్న బుడ్డి నొక్కాడు. ఆయన పెదవులు ఒకటి, రెండు అనడం నేను చూశాను. మూడు అనకముందే పార, మనిషి, కింది మన్ను అన్నీ కలిసి పక్కకు ఒరిగి నీళ్లలోకి వెళ్లిపోయాయి. కేక కూడా వినపడలేదు.

అప్పుడు అన్న నా ఎడమపక్కన ఉన్నాడు. ఆయన భుజం నా మోచేతికి తగులుతూనే ఉంది. ఆయన కదల్లేదు. నేనూ కదల్లేదు. మన్ను కూలిన చప్పుడుకు చెట్టుకింది వాళ్లు అరుచుకుంటూ వచ్చి, పంచెలు ముడేసి నీళ్లలోకి దిగేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం. చెంగయ్య మర్నాడు రెండు చేల అవతల శవమై దొరికాడు.

ఆత్మకూరులో ఆ మాట పాకడానికి ఒక్కరోజు పట్టింది. మనిషి పోతుంటే బొమ్మ తీసినాడన్నారు. టీ అంగట్లో ఒకతను నా ముందే అన్నాడు: “ఏంది రమణయ్యా, మా నాయన మంచంలో ఉండాడు. రేపో మాపో. కెమెరా ఎత్తుకోని వస్తావా?” నలుగురూ నవ్వారు. అన్న గ్లాసు కింద పెట్టి వచ్చేశాడు.

అతని కోసం నీళ్లవైపు ఉరికి ఉంటే నువ్వూ పోయేవాడివని నేను చెప్పాను. ఆయన విన్నాడు.

“పోదునేమో. పక్కకు రారా అని చెప్పేదానికి ఉరికే పన్లేదు గదరా,” అన్నాడు.



ప్లేటు రెండు వారాలు అలాగే పెట్టెలో ఉంది. ఫొటో లేకపోతే అర్జీ కదలదని ఊరి పెద్ద రెండుసార్లు మనిషిని పంపాక, అన్న దాన్ని కడిగాడు. ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. చీకటి గదిలోంచి “ఒరే, ఇట్రా” అని పిలిచాడు. ఆ గొంతు ఆయనది కాదనుకున్నాను.

మర్నాడు ఎండలో కాగితం మీదకి దించి చూశాం. గండి ఉంది. అంచున పార పట్టుకుని చెంగయ్య ఉన్నాడు, కెమెరా వైపే చూస్తూ. నవ్వబోయి ఆపుకున్న ముఖం. అతని కాళ్లకింది మన్ను అప్పుడే మసకబారుతోంది. అతని వైపు ఒక మనిషి పరుగెత్తుతున్నాడు. వీపు మాత్రమే కనిపిస్తుంది. కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది. భుజాన నల్లగుడ్డ వేలాడుతోంది. చొక్కా వెనక, ఎడమ రెక్క దగ్గర, వదిన వేసిన మాసిక ఉంది. ఆ చొక్కా అప్పుడు దండెం మీదే ఉంది. తెచ్చి పక్కన పెట్టి చూశాను. అదే మాసిక.

నేను అడగగలిగినవన్నీ అడిగాను. అంతకుముందు వాడిన ప్లేటేమోనన్నాను. కొత్త పెట్టె, ఆ రోజే విప్పాడు, మిగిలిన ప్లేట్లు అందులో ముట్టుకోకుండా ఉన్నాయి. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడ్డాయేమోనన్నాను. అలా పడితే వెనకది ముందుదాంట్లోంచి కనబడుతుందని అన్న చెప్పాడు. ఇక్కడ అలా లేదు. పైగా ఆ రెండు సెకన్లలో గాలికి ఊగిన తుమ్మకొమ్మలు మసకగా పడ్డాయి. పరుగెత్తే మనిషి మాత్రం రాయిలా స్పష్టంగా ఉన్నాడు.

ఊరి పెద్ద వచ్చి ఆ ఫొటో చూశాడు. చాలాసేపు చూశాడు. “ఏంది రమణయ్యా, ఇంత చేసి నోరు మెదపవేంది?” అని అన్న చెయ్యి పట్టుకున్నాడు. తాను ఉరకలేదని అన్న చెప్పాడు. ఆయన దాన్ని వినయం అనుకున్నాడు. తాము కట్ట ఎక్కేలోగా ఉరికి, అందక వెనక్కి వచ్చి ఉంటాడనుకున్నాడు. వారం తిరక్కముందే టీ అంగటి మనిషి ఇంటికి వచ్చి క్షమించమన్నాడు. ఎంతమందికి చెప్పినా అన్న మాట ఎవరూ నమ్మలేదు. ఫొటో అబద్ధం చెప్పదు కదా అన్నారు.

మూడో నెలలో చెంగయ్య భార్య పోలమ్మ ఆత్మకూరు వచ్చింది. మొగుడి ముఖం ఇంకెక్కడా లేదని, ఆ ఫొటో ఒకటి ఇమ్మని అడిగింది. ఆమెకైనా నిజం చెప్పి తీరాలని అన్న పట్టుబట్టి ఉన్నాడు. ఆ రోజు నేనూ ఉన్నాను.

ఆమె ఫొటో చేతిలోకి తీసుకుని ముందు చెంగయ్యను వేలితో తడిమింది. తర్వాత పరుగెత్తే మనిషిని చూసింది. అన్నకు దణ్ణం పెట్టబోయింది. అన్న వెనక్కి జరిగాడు.

“నేను ఉరకలేదమ్మా. మన్ను జారతా ఉండాదని నీ మొగుడు చెప్పినాడు. ఇన్నాను. ఇని కూడా కదలొద్దన్నాను.”

“ఈడ ఉండేది నువ్వు గాదా?”

“నేనే.”

“మరి?”

 ఆమె మళ్లీ ఫొటో కేసి చూసి, నా వైపు తిరిగింది.

“ఆడ కెమెరా కాడ మీరిద్దరే గదా ఉండింది, అయ్యోరా? ఈయన ఉరికితే, మరి బొమ్మ తీసిందెవురు?”

ఇన్నాళ్లూ అంతమంది ఆ ఫొటో చూశారు. ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నాకూ తట్టలేదు. నేను అన్న ముఖం చూశాను. మూడు నెలల్లో పదేళ్లు మీదపడ్డ ముఖం. ఉరికిన మనిషి అనిపించుకునే ఆ ఊరట ఆయనకు దక్కితే చాలనుకున్నాను.

“నేనే అమ్మా,” అన్నాను.

ఆమె నన్ను తేరిపార చూసింది.

“చేతులెట్టా వచ్చినాయి అయ్యోరా నీకు?”

 ఫొటో కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగాక అన్న తలుపు దగ్గరకు వేసి, నా ఎదుట కూర్చున్నాడు.

“తీసింది నువ్వేనా?” అన్నాడు.

వెక్కిరింతకు అడగలేదు. కోపంతోనూ అడగలేదు. తెలియని సంగతి తెలుసుకోవడానికి అడిగాడు. 

“కాదన్నా,” అన్నాను.

ఆయన తల ఊపాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఫొటోలు తీయడం మానలేదు కానీ, “కదలొద్దు” అనడం మానేశాడు. జనం కదిలేవాళ్లు, ముఖాలు మసకగా వచ్చేవి, గిరాకీ పోయింది. కడపటి రెండేళ్లూ ఫొటోలకు పటాలు కట్టి బతికాడు.

అన్న కర్మాంతరానికి పోలమ్మ పిలవకుండానే వచ్చింది. తన మొగుడి కోసం ఉరికిన మనిషని ఆడవాళ్లందరికీ చెప్పుకుని ఏడ్చింది. భోజనాల దగ్గర నేను వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది. వదిన వడ్డిస్తే తిన్నది.

ప్లేటు ఇప్పుడు నా దగ్గర ఉంది. వెలుతురులో పెట్టి ఎన్నోసార్లు చూశాను. మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ మధ్యాహ్నం అన్న భుజం నా మోచేతికి తగులుతూ ఉందని ప్రమాణం చేయగలను. ప్లేటు మీద ఆయన నాకు పది పదిహేను అడుగుల ముందు ఉన్నాడు. ఈ రెండూ ఒకేసారి నిజం కావు.

ఆ రోజు ఒకే గదిలో, బొమ్మ తీసిందెవరన్న ఒకే ప్రశ్నకు ఇద్దరికి రెండు జవాబులు చెప్పాను. ఆమెతో అబద్ధం చెప్పాననే అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు, అన్నతో కాదని చెప్పింది నిజమేనా అని ఎవరైనా అడిగితే, అవునని గట్టిగా చెప్పలేకపోతున్నాను.