పెద్ద సంఖ్యకు ఇంటిపేరు

మార్కర్ పెన్ను మూత తీయగానే ముక్కుకు తగిలే ఆ ఘాటు నాకు సుగుణ మేడం వాసన. ఈ ఉదయం మీటింగు గదిలో ఎవరో మూత పెట్టడం మరిచారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

హైటెక్ సిటీలో నా మొదటి ఉద్యోగంలో ఆవిడ టీమ్ లీడ్. చందానగర్‌లో పుట్టి పెరిగిన మనిషి. రహస్య సమాచారానికి తాళాలు వేసే ప్రోగ్రాం మాది. ఆ తాళాలకు ఒకటితోనూ తమతోనూ తప్ప దేనితోనూ భాగించబడని పెద్ద ప్రధాన సంఖ్యలు కావాలి. ఏది ప్రధానమో ప్రోగ్రాం సరిగ్గా చెబుతోందా అని పరీక్షించడం నా పని. లెక్కల్లో నా మార్కులు కూడా తరచూ ప్రధాన సంఖ్యలే, కాకపోతే బాగా చిన్నవి. రోజూ టీకి ముందు మేడం బోర్డు మీద ఓ పొడవాటి సంఖ్య రాసి, "ఇంటిపేరు అడుగు తమ్మీ" అనేవారు. అంటే దాన్ని భాగించే చిన్న సంఖ్యను పట్టుకోమని. నా చెయ్యి కాలిక్యులేటర్ వైపు జరిగేది.

"మెషీన్‌కు తెలుసు గని, నీకేం తెలుసు?"

"ఆకలేస్తోందని తెలుసండి."

"గా అండి గిండి బంద్ చెయ్. అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడు. మిగిలినయి వేరే కూడు. తేడా సున్నా వస్తే పదకొండుతో పోతది."

భాగ్యనగరానికి వచ్చింది భాగహారం కోసమా అనుకునేవాణ్ణి.

నా ఉద్యోగం ఖాయమో కాదో తేలే వారంలోనే ప్రోగ్రాం కొనడానికి ఓ పెద్దాయన వచ్చారు. 358358417417 అని టైపు చేశారు. 'ప్రధాన సంఖ్య కాదు' అంది తెర. ఎందుకు కాదో చెప్పడం దానికి రాదు.

"చివర ఏడు. రెండుతో, మూడుతో, ఐదుతో పోదు. ఇది ప్రధాన సంఖ్యేనండీ! మీ ప్రోగ్రామే తప్పు."

అందరూ నా వైపు తిరిగారు. ప్రోగ్రాం సరైనదేనని సంతకం పెట్టింది నేనే. మేడం మార్కర్ నా చేతిలో పెట్టారు. "ఫికర్ చెయ్యకు. జర పోయి ఇంటిపేరు అడుగు."

కంగారులో బోర్డు మీద రాస్తే ఎనిమిదులు ఎలుగుబంట్లలా వచ్చాయి. ఒకటి విడిచి ఒకటి కూడితే ఇరవై ఎనిమిది. మిగిలినవీ ఇరవై ఎనిమిదే. తేడా సున్నా!

"పదకొండుతో పోతుందండీ!" అని అరిచాను. ఒక అడుగు వెనక్కి వేసి చూస్తే కవలలు కనబడ్డాయి: 358 పక్కనే 358, 417 పక్కనే 417. 358358 అంటే 358 వెయ్యిన్నొక్కసార్లు, కాబట్టి అలాంటి జంట వెయ్యిన్నొకటితో పోతుంది; అది ఏడు, పదకొండు, పదమూడుల లబ్ధం. "ఒకటి కాదు, మూడు ఇంటిపేర్లండీ!"

పెద్దాయన ఫోనులో భాగించి చూసుకుని పకపకా నవ్వారు. "గుర్తుంటుందని రెండేసిసార్లు కొట్టానయ్యా!" అంటూ ఆయనే ముందు చప్పట్లు కొట్టారు. ప్రోగ్రాం అమ్ముడుపోయింది, నా ఉద్యోగం నిలిచింది.

"మీకు ముందే తెలుసా మేడం?" అని తర్వాత అడిగాను.

"ఆయన టైపు చేస్తున్నప్పుడే కనవడ్డది. నేనే లేస్తే నువ్వెప్పుడు లేస్తవ్?"

ఈ ఉదయం మీటింగు గదిలో, ఇప్పుడు నా టీమ్‌లో కొత్తగా చేరిన శ్రావణి పరీక్షించిన ప్రోగ్రాం మీద కొనడానికి వచ్చినవాళ్ళకు అలాంటి అనుమానమే వచ్చింది. జవాబు నాకు కనబడింది. నాలుక దురద పెట్టింది, కాళ్ళు కుర్చీలో నిలవలేదు. ఊరికే కూర్చోవడం ఇంత కష్టమని మేడం ఎన్నడూ చెప్పలేదు. మార్కర్ ఆ అమ్మాయికి అందించాను. బోర్డు మీది అంకెల వెంట ఆమె మార్కర్ నడిచింది, ఆగింది, మళ్ళీ కదిలింది.

"పదమూడుతో పోతుంది సార్!"

ఆ అరుపు పక్క గదులకూ వినబడింది. చప్పట్లు మొదలుపెట్టింది నేనే.