లైన్లో ఆగిపోయిన డబ్బా

అబద్ధం రాస్తున్నారు మీరు. "మా రోజుల్లో లైన్లో డబ్బా పెడితే మనిషి నిలబడ్డట్టే... ఎంత నమ్మకం, ఎంత మంచితనం" అని వారానికొకరు పోస్టు పెడతారు. కింద వందమంది దండాలు పెడతారు. ఆ డబ్బా ఎవరిదని ఒక్కరూ అడగరు.

మా చిన్నప్పుడు... వరంగల్ స్టేషన్ అవతలి మా గల్లీలో "లైన్" అనే మాట లేకుండా పొద్దు గడిచేది కాదు. బడిలో ప్రార్థనకు లైన్. కాపీ బుక్కులో నాలుగు లైన్లు. గాలివాన వస్తే కరెంటు లైన్ తెగేది. రైలు లైన్ దాటితే ఇంట్లో వీపు పగిలేది. ఆడపిల్లల వెంటపడే పోరగాళ్ళు కొట్టేదీ లైనే. ఇంగ్లిషు ముక్క రాని మా నాయినమ్మ కూడా "పోయి లైన్ల నిలబడు" అనేది.

ఆమె చెప్పే లైన్ గ్యాసునూనెది... కిరోసిన్‌ను మేం అట్లాగే అనేవాళ్ళం.

తెల్లారేసరికే రేషన్ దుకాణం ముందు డబ్బాలు వరసగా కూర్చునేవి. గాలికి దొర్లిపోకుండా ఒక్కోదాంట్లో ఒక రాయి. ఆడవాళ్ళు వాకిలి ఊడ్చుకొని, పిల్లలకు ఇంత పెట్టుకొని దుకాణం తెరిచే వేళకు వచ్చేవాళ్ళు. ఈలోపు లైన్ కదిలిందా, ఉన్నవాళ్ళు లేనివాళ్ళ డబ్బాలు కూడా ముందుకు జరపాలి. అదీ కట్టుబాటు. మీరు కళ్ళనీళ్ళు పెట్టుకొని రాసే మంచితనం అదే. ఉండేది... నేను కాదనను.

ఆ ఏడు వానలు వదలకుండా కొట్టాయి. నాకు పదేళ్ళు. నా డబ్బాకు సరిగ్గా ముందు కొమురమ్మ డబ్బా ఉంది. తుప్పుపట్టిన రేకుడబ్బా, పిడి ఊడిపోతే కొబ్బరితాడు కట్టుకుంది. కొమురమ్మది మాదిగవాడ. మార్కెట్లో మిర్చి బస్తాల దగ్గర కూలి చేసేది. ఆరోజు ఆమె భుజం మీద రెండేళ్ళ కొడుకు మెడ వాల్చేసి ఉన్నాడు. మూడు రోజులుగా వాంతులు, విరేచనాలు.

నా ముందు వంగి అడిగింది. "బిడ్డా, పోరనికి దవాఖానల సూది ఏపిచ్చుకొని ఉరుకొస్త. నీళ్ళు కాగబెట్టే తాపుమన్నరు. కట్టెలన్ని తడిసినయి, ఇంట్ల చుక్క నూనె లేదు. నా డబ్బ జర జరుపుతవా?"

తలూపాను.

దుకాణం తెరిచారు. లైన్ కదిలింది. నేను వంగి ఆ కొబ్బరితాడు పట్టుకోబోయాను. కార్డు పట్టుకొని మెట్టు మీద కూర్చున్న నాయినమ్మ గొంతు కూడా పెంచలేదు.

"ఊకో. అది మనం ముట్టేది కాదు. అచ్చినంక అదే జరుపుకుంటది."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా డబ్బాను దాని పక్కనుంచి తిప్పి ముందు పెట్టాను. నా వెనకవాళ్ళూ అట్లాగే తిప్పారు. పొద్దున్నుంచి కనిపించని ఇంకెవరివో డబ్బాలు చేతులు మారి ముందుకు పోతూనే ఉన్నాయి... ఇదొక్కటే ఉన్నచోట ఉంది. "డబ్బ అలిగి కూసున్నది, ఎవలన్న బతిలాడుండ్రే" అని ఒకామె అంది. అందరూ నవ్వారు.

నేను కూడా నవ్వాను.

నా వంతు వచ్చింది, అయిదు లీటర్లు పోశారు. ఆ తర్వాత కాసేపటికే లోపలినుంచి "నూనె ఒడిసింది, ఇగ పోండ్రి" అన్నారు. తిట్టుకుంటూ జనం పలచబడ్డారు. నాయినమ్మ చక్కెర కోసం లోపల ఆగింది. అప్పుడు వచ్చింది కొమురమ్మ, పిల్లవాడి మీద తడికొంగు కప్పుకొని, రొప్పుతూ. ఖాళీ జాగా మధ్యలో తను పొద్దున పెట్టినచోటే ఉన్న డబ్బాను చూసింది. నా చేతుల్ని చూసింది.

అరవలేదు, శాపం పెట్టలేదు. "పైలం బిడ్డా, నీ డబ్బ కారుతాంది. మూత బిగ్గర పెట్టు" అంది. తన డబ్బాలోని రాయి పారేసి వెళ్ళిపోయింది.

నా డబ్బాలోంచి గ్లాసెడు పోయాలని నాకు తోచలేదు...

లేదు, ఇదీ అబద్ధమే. తోచింది. నాయినమ్మ వస్తున్నదేమోనని లోపలికి చూశాను. తల తిప్పేసరికి కొమురమ్మ మలుపు దాటింది.

ఆ తర్వాత కొబ్బరితాడు డబ్బా మా లైన్లో కనబడలేదు. పరకాల దిక్కు పనికి పోయారని ఎవరో అన్నారు. పిల్లవాడు బతికాడా? నేను అడగలేదు. ఇన్నేళ్ళయినా తెలియదు.

కాలేజీకి పోయాక లైన్ అంటే రాజకీయ లైన్. ఏది సరైన లైనో తేల్చడానికి గొంతు పోయేదాకా వాదించాను. ఎంత వాదించినా ఆ డబ్బా ఒక్క అడుగు జరగలేదు. ఇప్పటికీ ఎక్కడ నలుగురు మనుషులు వరసగా నిలబడ్డా నా కళ్ళు ముందు నేలనే వెతుకుతాయి. తుప్పు వాసన వస్తుంది...

ఇప్పుడు లైన్ ఫోన్లోకి వచ్చింది. నంబరు దానంతటదే జరుగుతుంది, ఎవరూ ఎవరి డబ్బా ముట్టే పనిలేదు. ముట్టని బుద్ధి మాత్రం ఎటూ పోలేదు. అనుమానమైతే కొమురమ్మ మనవరాలికి మీ పై వాటా అద్దెకిచ్చి చూపండి.

అందుకే ఇవి అడుగుతున్నాను. బతిమాలడం లేదు.

"ఆ రోజులే మంచివి" అని రాస్తే, ఎవరికి మంచివో కూడా రాయండి.

మీ ఇంట్లో పనిమనిషికి వేరే గ్లాసు ఉంటే ఈ పూటే తీసేయండి.

అద్దెకు వచ్చినవాళ్ళను "మీరేమిట్లు" అని కులం అడగడం మానండి.

పసిపిల్లను ఎత్తుకొని వచ్చిన తల్లిని ఏ లైన్లోనైనా ముందుకు పంపండి.

"అప్పట్లో అంతే" అని మీ పెద్దల్నీ, నన్నూ వదిలేయకండి.

మీరు జరపని డబ్బా ఎవరిదో కింద రాయండి. పేరు గుర్తులేకపోతే అదీ రాయండి.

నాది కొమురమ్మది.