చరణం దాకా

మా అక్కకు తొందరపడి పాడడం చేతకాదు. ఆ తప్పంతా నాన్నగారిది. ఆయన ఏలూరు హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఇంటికొస్తే ఫిడేలు పట్టుకుని అక్కకు సంగీతం చెప్పేవారు. నెమ్మదిగా సాగే చౌకకాలం కీర్తనలంటే ఆయనకు ప్రాణం. “పరుగెత్తుతూ ఎవరైనా పాడతారమ్మా. నువ్వు నిలబడి పాడు,” అనేవారు. అక్క శహన రాగం ఎత్తుకుంటే, ఒక మాట మీద నుంచి ఇంకో మాటకు రావడానికి ఎంతసేపు పట్టేదో! గాలి లేని పూట కొల్లేట్లో దోనె కదిలినట్టు కదిలేది ఆ పాట. పక్కన కూర్చుని శ్రుతిపెట్టె తిత్తి ఆడించే నాకు చెయ్యి లాగేసేది గానీ, లేచిపోవాలని ఒక్కనాడూ అనిపించలేదు. అంత బాగా పాడిన మనిషిని నేను మళ్ళీ వినలేదు. సొంత అక్క కదా అని చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనీండి.

ఉప్పు సత్యాగ్రహం సద్దుమణిగిన రోజులవి. అక్కకు సంబంధాలు చూస్తున్నారు. పిల్లను చూడడానికి వచ్చినవాళ్ళు పాట పాడించుకోవడం ఆనవాయితీ. వినడం మాత్రం ఎవరికీ ఆనవాయితీ కాదు. పల్లవి సగంలో ఉండగానే ఎవరో ఒకరు “చాలమ్మా” అనేవారు, సొజ్జి మీదికి చెయ్యి పోయేది. ఉంగుటూరు వాళ్ళు అలాగే అన్నారు. మండవల్లి వాళ్ళయితే అక్క గొంతు సవరించుకుంటే అదే పాటనుకున్నారు. రెండూ కుదరలేదు. మండవల్లి వాళ్ళు వెళ్ళాక అక్క పెరట్లో కూర్చుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని నాన్నగారి దగ్గరికెళ్ళి, “పాట పూర్తిగా విననివాళ్ళ ఇంటికి నేను వెళ్ళనండి,” అని చెప్పేసింది. అమ్మ నెత్తి కొట్టుకుంది. నాన్నగారు “సరేనమ్మా,” అన్నారు.

తర్వాత తాడేపల్లిగూడెం నుంచి పెళ్ళికొడుకు, అతని తల్లిదండ్రులు వచ్చారు. అతను కాలువల ఆఫీసులో గుమాస్తా. వచ్చినప్పటి నుంచి నోరు విప్పలేదు. సాయంత్రం ప్యాసింజరుకు తిరిగి వెళ్ళాలట, జట్కాను వాకిట్లోనే ఉంచారు. నాన్నగారు ఫిడేలు అందుకున్నారు. అక్క పంతం కొద్దీ, తనకు వచ్చినవాటిలోకెల్లా నెమ్మదైన శహన కీర్తనే ఎత్తుకుంది.

పల్లవి అయింది. ఎవరూ చాలనలేదు. అనుపల్లవిలో అక్క ఒక స్వరం దగ్గర ఆగి, దాన్ని వదలలేక వదిలింది. నాకు కళ్ళు చెమర్చాయి. అప్పుడే పెళ్ళికొడుకు తండ్రిగారు జేబు గడియారం తీసి చూశారు. బయట జట్కావాడు దగ్గాడు. మంచి సంబంధం చేజారిపోతుందేమోనని నాన్నగారికి భయం పట్టుకుంది. ఫిడేలు కమాను కింద పెట్టేశారు.

“చాల్లేమ్మా. పెద్దవాళ్ళకు ఆలస్యమవుతోంది,” అన్నారు.

ఇంకెవరన్నా అక్క ఓర్చుకునేదేమో. అన్నది నాన్నగారు. అక్క ఆగిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది, శ్రుతిపెట్టె ఆపలేదు. గదిలో అదొక్కటే మోగుతోంది. అమ్మ నాకేసి ఉరిమి చూసింది.

పెళ్ళికొడుకు కొంచెం ముందుకు జరిగాడు.

“ఇంకా చరణం ఉంది కదండీ,” అన్నాడు నాన్నగారితో, ఎంతో మర్యాదగా.

నాన్నగారు తల దించుకుని కమాను మళ్ళీ అందుకున్నారు. అక్క తలెత్తి అతన్ని ఒకసారి చూసింది. చరణం ఇంకా నెమ్మదిగా ఎత్తుకుంది.