గోడ మీద గ్లాసు

మొన్న పొద్దున మిషన్ ముందు కూర్చుని ఎవరిదో పెళ్లి జాకెట్‌కు హుక్కులు కుడుతుంటే గేటు దగ్గర రెండు తెల్ల చొక్కాలు కనిపించాయి. నల్ల ప్యాంటు, టై, జేబు మీద పేరు బిళ్ల, భుజాన సంచి. మొయినాబాద్‌లో ఈ ఎండలో టై కట్టుకుని తిరిగేది రెండు రకాలవాళ్లే. ప్లాట్లు అమ్మేవాళ్లు ఒకరు, ఇంటింటికీ తిరిగి తమ బోధ చెప్పే మార్మన్ సంఘం పిల్లలు ఇంకొకరు. ప్లాట్లవాళ్లు కారు దిగుతారు. వీళ్ల బూట్ల నిండా రోడ్డు దుమ్ము ఉంది కాబట్టి అడగకుండానే తెలిసిపోయింది. "పైన గది ఖాళీగా ఉందన్నారండి" అన్నాడు ఒకడు. అరుగు మీద కూర్చోమని చెప్పి, నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లాను. గ్లాసుల అర దాకా వెళ్లి, చెయ్యి చాపి, అక్కడే నిలబడిపోయాను. ఎందుకు నిలబడ్డానో చెప్పాలంటే కొన్నేళ్ల కిందట ఇదే మేడ మీద గదిలో దిగిన ఇంకో ఇద్దరి గురించి, వాళ్ల మొదటి వారం గురించి చెప్పాలి.

అందులో ఒకడు గోదావరి వైపు పిల్లవాడు. సన్నగా, కాస్త వంగి నడిచేవాడు, మాటకు ముందు అండి, మాటకు వెనక అండి. రెండోవాడు మణిపూర్ నుంచి వచ్చాడు. తెలుగు ఇంకా పట్టుబడలేదు, అన్నిటికీ నవ్వేవాడు. మీసాలు సరిగా రాని ఈ పిల్లలను వాళ్ల సంఘంలో 'ఎల్డర్' అంటారట, అంటే పెద్దలట. పేరు బిళ్ల చదివి చెబితే మా అత్తమ్మ చాలాసేపు నవ్వింది. రెండేళ్లు ఇల్లు వదిలి దేవుడి మాట చెబుతూ తిరగాలి. సెలవు వారానికి ఒక్క సోమవారమే, ఇంటికి ఫోనూ ఆ రోజే. సినిమా లేదు. అన్నిటికంటే వింత, ఒకరిని విడిచి ఒకరు పోకూడదు. ఉప్పు ప్యాకెట్టుకైనా ఇద్దరూ కలిసే పోవాలి. బజారుకని బయల్దేరి పూటంతా పత్తా లేకుండా పోయే మా ఆయనకు వాళ్లను చూపించి, ఈ పద్ధతి మీకూ పెడితే బాగుండునన్నాను. ఆయన ఆ సాయంత్రం కూడా ఆలస్యంగానే వచ్చాడు.

మేమూ క్రైస్తవులమే. మాది పాత మిషన్ కాలం నాటి చర్చి. వాళ్లది వేరే బోధ అని మా పాస్టరయ్య కాస్త ముఖం ముడిచాడు గానీ, అత్తమ్మ మాత్రం ఆ పిల్లలు దిగిన రోజు నుంచి సోమవారం ఎప్పుడొస్తుందా, ఇంటిపట్టున ఎప్పుడుంటారా అని కాచుకుని కూర్చుంది. ఎందుకంటే ఆవిడ చాయ్ ఇంకా వాళ్లు తాగలేదు. ఆవిడ చాయ్ సంగతి కొంచెం చెప్పాలి. సాయంత్రం అల్లం దంచి, చిక్కటి బర్రెపాలు పోసి, పొంగు వచ్చి దిగి మళ్లీ పొంగు వచ్చేదాకా కాచి, ఇంట్లోవాళ్ల కంటే ముందు గేటు వైపు చూసేది. కరెంటు బిల్లు రాసేవాడు, చేవెళ్ల నుంచి టమాటాలు తెచ్చేవాడు, కేబుల్ పిల్లగాడు, ఎవరొచ్చినా తాగాల్సిందే. కులం తక్కువ కులం ఎక్కువ లేకుండా వీధి వీధంతా తన చేతి చాయ్ తాగుతుందని ఆవిడకు గొప్ప. సొంతూరు ఆలూరు వదిలి మొయినాబాద్‌లో రేకుల ఇల్లు వేసుకుని, తర్వాత దాన్ని స్లాబు చేసుకున్న బతుకులో ఆవిడ లెక్కకు గెలుపు అంటే అదే.

ఆ సోమవారం పిల్లలు బట్టలుతుక్కున్నారు. మేడ మీద తీగ నిండా తెల్ల చొక్కాలే. పని ముగించుకుని మెట్ల మీద కూర్చున్నవాళ్ల దగ్గరికి అత్తమ్మ రెండు గ్లాసుల చాయ్ పట్టుకుపోయింది. గోదావరి పిల్లవాడు లేచి నిలబడి, "వద్దండి మామ్మగారూ, మేం టీ తాగమండి" అన్నాడు. సరే అని నీళ్లు తెచ్చింది. "నీళ్లున్నాయండి" అని సీసా ఎత్తి చూపించాడు. లోపలికొచ్చి కూర్చోమంది. "పర్లేదండి, ఇక్కడ బాగుందండి" అన్నాడు. అత్తమ్మ తిరిగి వచ్చి ఆ చాయ్‌ని బాత్‌రూం తూములో పోసింది. పాలు పారబోసే మనిషి కాదు ఆవిడ.

వాళ్లకు చాయ్, కాఫీ నిషేధమని, బయట నీళ్లు తాగి జబ్బు పడొద్దని పెద్దలు చెప్పారని, మగవాళ్లు లేని ఇంట్లో అడుగు పెట్టకూడదన్నది కూడా వాళ్ల నియమమేనని ఆ రాత్రి భోజనం దగ్గర విడమరిచి చెప్పాను. ఆ పిల్లవాడే నాకు చెప్పాడు. అత్తమ్మ ఒక్కటీ నమ్మలేదు. "చాయ్ తాగని కిరస్తానపోళ్లు యాడనన్న ఉన్నరానే? మన పాస్టరయ్య రెండు గ్లాసులు తాగుతడు. చాయ్ వద్దన్నరు, నీళ్లు వద్దన్నరు, గడప తొక్కం అన్నరు. గిది నాకు కొత్తనా? ఇల్లు సూపిచ్చినోడు మనమెవలమో చెప్పి ఉంటడు" అంది. మూడు నియమాలూ వేటికవి వేరు. కానీ మూడూ కలిపి చూస్తే ఆవిడ చిన్నతనం నుంచి చూసిన ఒక్క వ్యవహారంలాగే ఉన్నాయి.

మర్నాడు పొద్దున మెట్ల పక్క పిట్టగోడ మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. మరిచిపోయిందనుకుని లోపల పెట్టాను. కాసేపటికి మళ్లీ గోడ మీదికి వచ్చింది. "ఉండనియ్యే. అది వాళ్లది" అంది అత్తమ్మ.

ఆలూరులో ఆవిడ కాపురానికి వచ్చిన రోజుల్లో హోటల్ ముందు గోడ మీద ఇట్లాగే గ్లాసులు బోర్లించి ఉండేవని మా మామయ్య చెప్పేవాడు. ఊరి చివర మా వాడవాళ్లు వాటినే తీసుకోవాలి. హోటలువాడు పైనుంచి పోస్తే నిలబడి తాగాలి. తాగాక కడిగి మళ్లీ గోడ మీద బోర్లించి పోవాలి. బెంచీల మీద కూర్చునే పెద్దకులాలవాళ్ల గ్లాసులు వేరు. మావాళ్లు బాప్తిస్మం తీసుకున్నా హోటలువాడి లెక్క మారలేదు. మామయ్య ఈ మాట చెప్పేటప్పుడల్లా అత్తమ్మ ఏదో పని పెట్టుకుని లేచి పోయేది. ఆ మనిషి ఇప్పుడు తన ఇంటి గోడ మీద తానే గ్లాసు పెట్టింది. "తప్పు కదా అత్తమ్మా" అంటే, "ఒక్కపారి వాళ్లకు గూడ తెల్వనియ్, ఎట్లుంటదో" అంది. ఆ పిల్లలకు సంగతి తెలిస్తే మనసు విరుగుతుందని ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ, వీధికంతా చాయ్ పోసిన మనిషి చివరి రోజుల్లో ఆ హోటలువాడిలా అయిపోతుందేమోనని. పోట్లాడి తీయించే బలం నాకు లేకపోయింది. పెళ్లిళ్ల కాలం, మెడ మీద కుప్పలుగా జాకెట్లు.

పిల్లలు మాత్రం గ్లాసును చూడనే లేదు. చూసే ఓపిక ఎక్కడిది? పొద్దున్నే బస్సెక్కి పోవడం, పొద్దు గూకేవేళకు కాళ్లీడ్చుకుంటూ రావడం. బూట్లు విప్పుతూ గోదావరి పిల్లవాడు ఆ రోజు కబుర్లు చెబితే, నేను మిషన్ తొక్కుతూ వినేదాన్ని. మోకిలలో కొత్త విల్లాల దగ్గర వాచ్‌మన్ ఫోను చేసి, మేడం వద్దంటుందని గేటు వేశాడట. ఇంకో గేటు దగ్గర మేడం లేదన్నాడట, ఆవిడ బాల్కనీలో పూలకుండీలకు నీళ్లు పోస్తూనే ఉందట. చేవెళ్లలో ఎరువుల దుకాణం అతను ప్రేమగా మాట్లాడి, గురువారం తప్పకుండా రమ్మన్నాడట. గురువారం పోతే షట్టరు దించి ఉంది. "చెప్పులు బయటే ఉన్నాయండి ఆంటీ" అన్నాడు. అని నవ్వాడు గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. మణిపూర్ పిల్లవాడు మడమకు అంటించిన ప్లాస్టరు లాగుతున్నాడు. దేవుడి పని అయినా, ఇరవై ఏళ్లు నిండని పిల్లలు రోజంతా వద్దు అనే మాట వింటూ తిరగడం నాకు జాలిగా ఉండేది.

శుక్రవారం చందనవెల్లి పోయారు. అక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రవాళ్ల గదుల చుట్టూ తిరిగితే సగం మంది షిఫ్టులో ఉన్నారు, మిగతా సగం నిద్రలో ఉన్నారు. తిరుగు బస్సు దొరక్క చాలా దూరం నడిచారట. ఇంటికొచ్చేసరికి ముఖాలు కమిలిపోయి ఉన్నాయి. పైకి పోయి వెంటనే కిందికి దిగారు. పొద్దున రావాల్సిన నీళ్ల క్యాన్ రాలేదు. "మామ్మగారూ, కొంచెం నీళ్లిస్తారా అండి" అన్నాడు గోదావరి పిల్లవాడు. మడమ దెబ్బతిన్నవాడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

అత్తమ్మ లేచింది. లోపలికి పోయి చెంబు తెచ్చి, గోడ మీది గ్లాసు వైపు గడ్డంతో చూపించింది. నేను మిషన్ ఆపేశాను. పిల్లవాడు గ్లాసు తీసి పట్టుకున్నాడు. ఆవిడ చెంబును బాగా పైకెత్తి, దూరం నుంచి పోసింది. గటగటా తాగాడు. మళ్లీ పట్టాడు, మళ్లీ పోసింది. రెండోవాడూ అదే గ్లాసుతో తాగాడు. తర్వాత గోదావరి పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే మెట్ల కింద కుళాయి దగ్గరికి పోయి, అక్కడున్న పీచుతో గ్లాసును లోపలా బయటా తోమాడు, కడిగాడు, దులిపాడు, తెచ్చి గోడ మీద ఎక్కడ ఉన్నదో అక్కడే బోర్లించాడు.

అత్తమ్మ చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. "గిట్ల కడిగి పెట్టుడు ఎవలు నేర్పిండ్రు బిడ్డా?" అంది.

"మా నానమ్మండి. ఎవరి దగ్గర తాగినా గ్లాసు కడిగి బోర్లించి రావాలనేదండి. మర్చిపోతే వీపు మీద ఒకటి పడేది."

"ఎందుకట?"

"ఏమోనండి. వాళ్ల ఊళ్లో అలా అలవాటంట" అని నవ్వాడు.

వాడికి నిజంగానే తెలియదు. తెలియకుండా పెంచింది ఆ నానమ్మ. కారణం తన దగ్గరే దాచుకుని, అలవాటు మాత్రం వాడికి ఇచ్చింది. నేను అత్తమ్మ వైపు చూడలేకపోయాను. ఆవిడ మెల్లగా లోపలికి పోయి వంటింటి గడప మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మామయ్య పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. కాసేపటికి ముఖం కడుక్కుని బయటికొచ్చి, గోడ మీది గ్లాసు తీసుకుని, మా గ్లాసుల మధ్య పెట్టి అర తలుపు వేసింది. "మన అసొంటోళ్ల బిడ్డనే" అంది నాతో. అంతే, పిల్లవాడికి ఏమీ చెప్పలేదు, నన్ను చెప్పనివ్వలేదు. "వాళ్ల నాయనమ్మ చెప్పలేదు, మనమెందుకు చెప్పాలె?" అంది.

శనివారం సాయంత్రం చాయ్ పెట్టింది. దాని పక్కనే జొన్న అంబలి కాచి చల్లార్చి, మజ్జిగ కలిపి, ఉల్లిగడ్డ తరిగి వేసింది. మా ఇంటి గ్లాసులతోనే మెట్ల దగ్గరికి పోయి, "గిది చాయ్ గాదు. దీనికేమన్న అడ్డం జెప్పిండా మీ దేవుడు?" అని అడిగింది. లేదన్నారు. ఇద్దరూ రెండేసి గ్లాసులు తాగారు. ఆవిడ గడప లోపలికి రమ్మనలేదు, తనే పోయి వాళ్ల కింది మెట్టు మీద కూర్చుంది. ఆదివారం వాళ్ల ఆరాధనకు వస్తానన్నవాళ్లెవరూ రాలేదని వాళ్లు తల వేలాడేసుకుని వస్తే, "వస్తరు తీయ్. రాకున్నా గానీ మీరైతే తినుండ్రి" అని, మా ఆయన ఇంట్లో ఉన్న రోజు కాబట్టి లోపల కూర్చోబెట్టి అన్నం పెట్టింది.

కొన్నాళ్లకు వాళ్లను వేరే ఊరికి మార్చారు. ఆ తర్వాతి వానాకాలంలో అత్తమ్మ పోయింది. సాయంత్రం పూట గేటు వైపు చూసేవాళ్లు ఇప్పుడు మా ఇంట్లో లేరు. నేనే చాయ్ పెడతాను, నాకూ ఆయనకూ సరిపడా. అంతకు మించి కాచే ఓపిక నాకు లేదు.

మొన్న ఆ కొత్త పిల్లలకు నీళ్లు తేవడానికి పోయి అర ముందు నిలబడింది అందుకే. ఆ గ్లాసు ఏదో చూద్దామనిపించింది. ఒక్కొక్కటే తీసి చూశాను. అన్నీ ఒకే దుకాణంలో కొన్నవి, అన్నిటికీ గీతలే, అన్నిటి అంచులూ అరిగిపోయాయి. అత్తమ్మ జీవితమంతా మరిచిపోలేక గోడ మీద పెట్టిన గ్లాసును, ఇన్నేళ్లకు నేను ఎంత చూసినా గుర్తుపట్టలేకపోయాను. చేతికందిన రెండు తీసుకుని, నీళ్లు నింపి, బయటికి వచ్చాను.