వేరే మొగం కింద మా అత్త పేరు

మా అత్త పోయిందని ధర్మవరం నుంచి ఫోనొచ్చినప్పుడు నేను హిందూపురంలో పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతున్నాను. మగ్గం దిగి, చెంబెడు నీళ్ళు తాగి, గోడకు ఆనుకుని కూచున్న మనిషి మళ్ళీ లేవలేదంట. చెప్పులేసుకుంటూ నేను మొదట అనుకున్నది ఒక్కటే: చిన్నాయన కంటే ముందు ఆడికి చేరాల. బస్సు పెనుకొండ దాటినాక గానీ నాకు ఏడుపు రాలేదు.

చిన్నాయన అత్తకు తమ్ముడు. మా నాయన వాళ్ళిద్దరికీ పెద్ద, నా చిన్నప్పుడే పోయినాడు. పెండ్లయిన నాలుగేండ్లకే అత్త భర్త చనిపోతే, మా తాత ఎర్రమంచి దగ్గర రెండెకరాలు ఆమె పేరున దానపత్రం రాసి రిజిస్టరు చేయించినాడు. ఆమె ధర్మవరంలోనే ఉండి పట్టుచీరలు నేసుకుంటూ బతికింది. సేను చిన్నాయన చూసుకునేవాడు. దస్తావేజు కూడా ఆయన పెట్టెలోనే ఉండేది. ఏటా ఒక మూట శెనక్కాయలు పంపితే అదే మహాప్రసాదం అత్తకు.

"వాన్ని సంకనెత్తుకోని తిరిగినదాన్ని పాపా. వాని దగ్గర నాకు కాగితమెందుకు?" అనేది అప్పట్లో.

కార్ల ఫ్యాక్టరీ వచ్చి ఆ పక్క నేల ధర పెరిగినాక మూట రావడం ఆగిపోయింది. అడుగుదామని పోతే చిన్నాయన ఆమెను గడప బయటే నిలబెట్టినాడు. "నీకు యాడిది భూమి అక్కా? నాకు అమ్మేసినావు గదా. మతి పోతాండాదా నీకు?"

అట్నుంచి అటే మా ఇంటికొచ్చింది. కండ్లలో తడి లేదు. "భూమి తీసుకున్న్యాడని కాదు పాపా. నాకు మతి పోయిందన్న్యాడు. వాన్ని ఇడిసిపెట్టను" అంది.

మా చేతిలో ఒక్క కాగితం లేదు. సర్వే నెంబరు తెలీదు. పడమర దిక్కున వాననీళ్ళ వంక ఉందనీ, దక్షిణాన ఎవరి సేనుందో మాత్రం ఆమెకు గుర్తుంది. ఊరి సచివాలయంలో పొలాల నక్షా అడిగి, వంక పక్కన వేలు నడుపుకుంటూ నెంబరు పట్టుకున్నాం. దాంతో మీసేవలో ఈసీకి అర్జీ పెట్టినాం. ఒక నేలను ఎవరు ఎవరికి రాసిచ్చినారో వరసగా చూపించే కాగితం అది. మాకు రెండు వరసలొచ్చినాయి. మొదటిది తాత అత్తకిచ్చిన దానం. రెండోది అత్త చిన్నాయనకు చేసిన అమ్మకం. ఆమె చేయని అమ్మకం.

అత్త ఆ రెండో వరస మీద వేలు పెట్టింది. "దీని నకలు తీపిచ్చు."

ఈసీలో దస్తావేజు నెంబరుంటుంది. అది రాసి, రుసుము కట్టి అడిగితే రిజిస్టరు ఆఫీసువాళ్ళు ముద్రేసిన నకలు ఇస్తారు. ఇచ్చినారు. తిరగేస్తూ పోతే, అమ్మినవాళ్ళ ఫోటో, వేలిముద్రలు ఉండే పేజీ వచ్చింది. అత్త పేరు, ఆమె భర్త పేరు, ఊరు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫోటోలో తలమీద కొంగు కప్పుకున్నది మాత్రం మా చిన్నమ్మ, చిన్నాయన పెండ్లాము.

ఆఫీసు మెట్లమీదనే ఆ పేజీ అత్త చేతికిచ్చినాను. అత్త ఆ ఫోటోను కండ్ల దగ్గరికి తెచ్చుకుని చూసి, "నా కమ్మలు కూడా పెట్టుకునుండాది" అంది. ఎప్పుడో పెండ్లికి పోవాలని అడిగి తీసుకుపోయి తిరిగివ్వని కమ్మలంట అవి. ఆ మాట అని, నవ్వింది. ఆ నవ్వుకు నాకు భయమేసింది.

ముద్రలున్న నకలు వకీలు చేతికిచ్చి భూమికోసం దావా, మోసం చేసినందుకు పోలీసు కేసు, రెండూ వేయించింది. ఆ ఫోటో పేజీని జెరాక్సులు తీయించి చుట్టాలందరి ఇండ్లకూ తనే పోయి పంచింది. శుభలేఖ ఇచ్చినట్టు కూచుని, మంచినీళ్ళు తాగి, చేతిలో పెట్టి వచ్చేది.

చిన్నాయన ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటేసుకుని రాజీకొచ్చినాడు. "సగం రాసిస్తా కా, కేసులు వాపసు తీసుకో."

"సగమొద్దబ్బా. అంతా రాసియ్యి. అదే ఆఫీసుకు రావల్ల. నీ పెండ్లాము సాక్షి సంతకం పెట్టల్ల, ఈసారి తన పేరుతోనే."

వచ్చినారు, పెట్టినారు. జీవితమంతా వేరేవాళ్ళకోసమే పట్టుచీరలు నేసిన మా అత్త ఆ దినం తనకోసం నేసుకున్న ఎర్రచీర కట్టింది. బయటికొచ్చినాక చిన్నాయన చేతులు నలుపుకుంటూ, "ఇంక కేసులు ఎత్తేస్తావు గదా కా?" అన్నాడు.

"దావా ఎత్తేస్తా. పోలీసు కేసు ఎత్తేస్తానని నేను యాడ చెప్తిని?"

ప్రతి వాయిదాకూ పెనుకొండ కోర్టుకు పోయేది. రమ్మని ఎవరూ పిలవకపోయినా పోయేది. వాళ్ళిద్దరూ బోనులో నిలబడినంతసేపూ చూసి, మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చేది. ఒకసారి నాకే మనసు ఆగక, "చాలులే అత్తా, చిన్నమ్మకు బీపీ వచ్చిందంట" అన్నాను.

"నా పేరు పెట్టుకోని ఆడ కూచున్నప్పుడు రాలేదా బీపీ?"

నేను ఇంకెప్పుడూ ఆ మాటెత్తలేదు. ఆమెది తప్పని నాకు ఈరోజుకీ అనిపించదు. నేను హిందూపురంలో ఇంటిస్థలం కొంటూ, అమ్మే ఆయన నమ్మకమైన మనిషి అంటే, "ఈసీ చూసినాక నమ్ము" అని నన్ను మీసేవకు తరిమింది. ఆ స్థలం అప్పటికే తాకట్టులో ఉండింది, దాన్ని వదిలేసి వేరేది కొన్నాను. నేనీరోజు సొంతింట్లో కూచుని ఇది రాస్తున్నానంటే ఆమె పుణ్యమే.

ఆ పొద్దు ధర్మవరంలో చిన్నాయన కంటే ముందే చేరినాను. తన శవం మీద వాని చెయ్యి పడనీయొద్దని అత్త ముందే నాతో మూడుసార్లు చెప్పింది. ఆయన పూలదండ పట్టుకుని వాకిట్లోకొచ్చి, "మా అక్క" అని ఏడ్చినాడు. నేను తలుపుకడ్డంగా నిలబడినాను.

"ఏ అక్క చిన్నాయనా? అమ్మిన అక్కా, అమ్మని అక్కా?"

నాలుగు వీధులవాళ్ళు వింటుండగానే అడిగినాను. ఆయన దండ అరుగు మీద పెట్టి వెళ్ళిపోయినాడు. దాన్ని ఎవరూ ముట్టలేదు.

అత్తను ఆమె రెండెకరాల్లోనే పూడ్చినాం. బతికుండగానే చోటు చూపించి పెట్టింది. చిన్నాయన తన సేనుకు దినామూ పోయే బండిదారిని ఆనుకునే ఉంది ఆ చోటు. మూడో దినం పొద్దున నేను సమాధి మీద పాలు పోస్తుంటే ఆయన మోటరుసైకిలు చప్పుడు వినిపించింది. దగ్గరికొచ్చినాక ఆగిపోయింది. ఆయన బండి దిగి, తల వంచుకుని, దాన్ని తోసుకుంటూ ఆ పచ్చిమట్టి పక్కనుంచి మెల్లగా నడిచిపోయినాడు. చాలా దూరం పోయినాక గానీ మళ్ళీ ఎక్కలేదు.