చప్పుడు రాని కీబోర్డు

మొన్న మా మేనకోడలు కొత్త కీబోర్డూ మౌసూ కొనుక్కోవాలని నన్ను వెంటబెట్టుకుని విజయనగరంలో ఒక కంప్యూటర్ల దుకాణానికి తీసుకెళ్లింది. ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేస్తుంది ఆ పిల్ల. నేను సర్కారీ ఆఫీసులో టైపిస్టుగా చేరి టైపిస్టుగానే దిగిపోయినవాణ్ణి కనుక నా సలహా కావాలంది గానీ, తీరా అక్కడికి వెళ్లాక నా సలహా ఎవరిక్కావాలి, ఆవిడ గారు చూసేదంతా రంగు. లేత ఊదా, పిస్తా రంగు, పీచుమిఠాయి గులాబీ, గుండ్రటి మీటలు, వాటికి జోడుగా అదే రంగులో గులకరాయంత మౌసు, తీగ అన్నది మచ్చుకైనా లేదు. మా ఇళ్లలో పెళ్లిచీర ఎంచడానికి కూడా ఇంతసేపు పట్టేది కాదని గొణుక్కుంటూ నిలబడ్డాను.

అమ్మే ఆవిడ ఊదారంగు సెట్టు నా ముందు పెట్టి, దీనికి చప్పుడే రాదు, పక్కన మనిషి పడుకున్నా మెలకువ రాదు, కొట్టి చూడమంది. చప్పుడు రాకపోతే కొట్టినట్టు చేతికెలా తెలుస్తుందో నాకు అర్థం కాలేదు. సరే కదా అని మొదలుపెడితే నా వేళ్లు పాత టైపు మిషను మీద పడ్డట్టే దబదబా పడ్డాయి, పైపెచ్చు వరస చివరికి వచ్చేసరికి నా ఎడమ చెయ్యి తనంతట తానే లేచి, అక్కడ లేని, కాగితం చుట్టుకునే క్యారేజీని పక్కకు తోసింది. ఇద్దరూ నవ్వారు. ఇంత మోటుగా కొట్టడం నీకెవరు నేర్పారు మావయ్యా అని మేనకోడలు వేళాకోళం చేస్తే, మీ అమ్మే అన్నాను. ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది.

"అమ్మకి టైపొచ్చా?" అంది.

అక్క పోయి ఏడాది కూడా నిండలేదు. కన్నకూతురికి ఆ ఒక్క సంగతీ చెప్పకుండానే వెళ్లిపోయిందని ఆ దుకాణంలో నిలబడి తెలుసుకున్నాను. ముందు కొనవలసింది కొనమ్మా, తరవాత చెబుతాను అన్నాను.

నా ఈడు వాళ్లకు టైపు ఇన్‌స్టిట్యూటు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. టెన్తు పాసైన ప్రతివాడూ ఏ దారీ తోచనప్పుడు వెళ్లి కూర్చునే చోటు అది. మా నాన్న భావనపాడు నుంచి వచ్చి చీపురుపల్లిలో ఎండుచేపల కొట్టు పెట్టుకున్నాడు. ఆయన హఠాత్తుగా పోయాక కొట్టు మూతపడింది. అమ్మ ఉన్నవీ లేనివీ అమ్మి, అక్కనూ నన్నూ విజయనగరంలో ఇన్‌స్టిట్యూటులో చేర్చింది. పొద్దున్న పాసింజరు బండికి వెళ్లి మధ్యాహ్నం బండికి తిరిగొచ్చేవాళ్లం. నాకు మొదట్లో వేళ్లు తిరిగేవి కావు. మాస్టారు మీటలు కనబడకుండా పైన అట్టముక్క మూత పెట్టేవారేమో, నాకు ఏ అక్షరం ఎక్కడుందో తెలిసేది కాదు. అక్క ఇంట్లో పీట తిరగేసి, దాని మీద బొగ్గుతో అక్షరాలు గీసి, నా కళ్లకు తువ్వాలు కట్టి కొట్టించేది. తప్పు కొడితే ఆ వేలి మీదే చిన్న దెబ్బ వేసేది. తనకు మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఎదురుగా వాళ్లు ఏం మాట్లాడుకుంటే అదల్లా మోకాళ్ల మీద వేళ్లతో కొట్టేసేది. అక్క టైపు కొడుతుంటే మాస్టారు తన టీ చల్లారిపోతున్నా వింటూ కూర్చునేవారంటే నమ్మండి.

టైపులో మొదటి పరీక్ష లోయరు ఇద్దరం గట్టెక్కి, దాని పైదైన హయ్యరుకు ఫీజు కట్టాం. ఈలోగా భావనపాడు నుంచి మా మేనమామ తన కొడుక్కి అక్కనివ్వమని కబురు పెట్టాడు. బావ మంచివాడే, వంక పెట్టడానికి లేదు. అయినా అక్కకు ఉద్యోగం చెయ్యాలని ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుని, కొంగు చేత్తో పట్టుకుని ఆఫీసు మెట్లెక్కడం ఆమె ఊహ. అమ్మ చివరికి ఒక మెట్టు దిగి, పరీక్ష పాసైతే నీ ఇష్టం, తప్పితే మాత్రం మాఘమాసంలో పెళ్లి, మళ్లీ కడతానంటే వినను అంది. అమ్మ మాటంటే మాటే.

ఆ రోజుల్లో పరీక్షకు కలం తీసుకెళ్లినట్టు టైపు మిషను కూడా ఎవరిది వాళ్లే తీసుకెళ్లాలి. ఇన్‌స్టిట్యూటు మిషన్లను రిక్షాల్లోకి ఎక్కించుకుని, చంటిపిల్లల్ని పట్టుకున్నట్టు ఒళ్లో పట్టుకుని పరీక్ష జరిగే బడికి వెళ్లేవాళ్లం. ఫస్టుక్లాసు తెస్తుందన్న నమ్మకంతో మాస్టారు అక్కకు తన మంచి మిషను ఇచ్చారు. నాకిచ్చింది పాతది. రిక్షా గోతుల్లో పడి లేచి బడికి చేరేసరికి దాని పని అయిపోయింది. సరిచూసుకోండని ఇచ్చిన కాసేపట్లోనే తెలిసింది, ‘ఇ’ మీట నొక్కితే పైకి లేచిన అక్షరపు కడ్డీ అక్కడే నిలబడిపోతోంది, వేలితో వెనక్కి లాగితేగాని దిగడం లేదు. ఇంగ్లీషులో ఆ అక్షరం లేని మాట ఎన్ని ఉంటాయి? నేను కడ్డీని మళ్లీ మళ్లీ వెనక్కి లాగుతున్నాను. పక్క బల్ల దగ్గరున్న అక్క అది చూసింది. లేచి, కాపలా ఉన్న ఆఫీసరును అడిగి, తన మిషను ఎత్తుకొచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వు దీని మీద కొట్టు. నా సేతికి ఏ మిషనైనా ఒకటే" అంది.

నేను వద్దన్నాను. వద్దన్నానే గాని లేచి నిలబడలేదు, అప్పటికే గంట కొట్టేశారు. పరీక్ష జరిగినంతసేపూ పక్క నుంచి ఆ కడ్డీ ఇరుక్కోవడం, అక్క దాన్ని లాగడం, మళ్లీ కొట్టడం వినబడుతూనే ఉంది. ఎప్పుడూ వానలా ఏకధారగా వినబడే టైపు ఆ రోజు కుంటుతూ నడిచింది.

ఫలితాల్లో నా నంబరు ఉంది, అక్కది లేదు. అమ్మకు మిషను సంగతి చెప్పబోతే అక్క నా చెయ్యి గట్టిగా నొక్కి వద్దంది. తనకు నిజంగానే ఏ మిషనైనా ఒకటే అనిపించిందో, లేక తెలిసే ఇచ్చిందో ఈనాటికీ నాకు తెలీదు. మాఘంలో పెళ్లయింది. నాకు ఉద్యోగం వచ్చాక ఒకసారి భావనపాడు వెళ్లి, ఇప్పుడైనా పరీక్షకు కట్టు అక్కా అని బతిమాలాను. చేపలకు ఉప్పు పట్టిస్తున్న చేతులు నా ముందు చాపి నవ్వింది. "ఈ సేతుల్తోటేటిరా" అంది. ఆ వేళ్లు ఉప్పుకు చీలి ఉన్నాయి.

ఇదంతా ఆటోలో ఇంటికి వస్తూ మేనకోడలికి చెప్పాను. బావ పోయాక అక్క చివరి రెండేళ్లూ ఈ పిల్ల దగ్గరే ఉంది. కొత్త సెట్టు డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆ పిల్ల వింది.

"నేను పని చేసుకుంటన్నంతసేపూ అమ్మ పక్కనే కుర్చీ యేసుకుని కూకునేది మావయ్యా. నాకు కాపలా కాత్తన్నాదనుకునీదాన్ని. ఏటమ్మా అలా సూస్తావు, ఎళ్లి పడుకో అని కసిరీదాన్ని" అంది. మళ్లీ తనే, "నా ఏళ్లు సూసీదన్నమాట" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పటి పిల్లలకు మిషను మోసుకెళ్లే బాధ లేదు, ఒక్క మీట ఇరుక్కుంటే బతుకు దారి మళ్లిపోయే రోజులు కావివి, నచ్చిన రంగు ఎంచుకుని నాలుగు గోడల మధ్య కూర్చునే సంపాదించుకుంటున్నారు. సంతోషమే. మా కాలమే గొప్పదని నేననను. కాకపోతే ఆ సుఖం మా ఇంటికి వచ్చేసరికి మా అక్క ఇంకా బతికే ఉంది. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది కీబోర్డు, ఏ అక్షరం ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలదు, అయినా రెండేళ్లూ చేతులు ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.